పాత ఫోన్ చెరిపేసే ముందు జీమెయిల్ రెండో తాళం మార్చుకున్నాను

కొత్త ఫోన్‌లోకి ఫొటోలు, కాంటాక్టులు వాటంతటవే వచ్చేస్తాయి. గూగుల్ ఖాతాకి 2-దశల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు అడిగే రెండో తాళం) పెట్టుకున్నవాళ్లకి అసలు పని ఆ తర్వాతే. నేను దీన్ని ముందు బ్యాకప్ కోడ్‌లతో, అంటే ఫోన్ చేతిలో లేనప్పుడు లాగిన్‌కి వాడే కోడ్‌లతో, మొదలుపెట్టాను. చాలామంది చివరికి వదిలేసేది ఇదే.

సెట్టింగ్స్‌లో గూగుల్, అక్కడ నుంచి ఖాతా మేనేజ్ చేసే పేజీ, సెక్యూరిటీ, 2-దశల వెరిఫికేషన్. అందులో బ్యాకప్ కోడ్‌లు అడిగితే ఎనిమిదంకెల కోడ్‌లు పది ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కొత్త సెట్ తీసుకుంటే పాత పదీ చెల్లవు. కాబట్టి బీరువాలో రెండు కాగితాలుంటే తేదీ చూసి పాతది చింపేయాలి. నేను కాగితం మీదే రాసుకున్నాను. అదే జీమెయిల్‌కి మెయిల్ చేసుకుంటే తాళంచెవిని ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టే.

తర్వాత అథెంటికేటర్, అంటే లాగిన్ కోడ్‌లు చూపించే గూగుల్ యాప్. పాత ఫోన్‌లో యాప్ మెనూ, ఖాతాల బదిలీ, ఎక్స్‌పోర్ట్. తెర మీద క్యూఆర్ కోడ్ వస్తుంది. కొత్త ఫోన్‌లో అదే మెనూలో ఇంపోర్ట్ నొక్కి స్కాన్ చేశాను. ఆ చదరంలో ఉండేది రహస్య కీ. దాన్ని ఎవరు స్కాన్ చేసినా మన కోడ్‌లే వాళ్లకీ వస్తాయి, కాబట్టి దాన్ని ఫొటో తీసి ఎవరికీ పంపకూడదు. రెండు ఫోన్‌లు పక్కపక్కన పెట్టి చూశాను: రెండిట్లో అవే ఆరంకెలు, 30 సెకన్లకి రెండూ ఒకేసారి మారుతున్నాయి. అంకెలు వేరైతే ముందు గడియారం చూడాలి. ఆ కోడ్‌ని లెక్కకట్టేది కీ, సమయం కలిపే. ఫోన్ టైమ్ చేత్తో మార్చి ఉంటే కోడ్ తప్పంటుంది. ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేస్తే సరిపోతుంది.

ఎస్ఎంఎస్ ఓటీపీని మాత్రం నమ్ముకోలేదు. డూప్లికేట్ సిమ్ తీసినవాడికి ఆ మెసేజ్ చేరిపోతుంది. అమెరికా వెళ్లి ఇక్కడి సిమ్ రీచార్జి మానేసినవాళ్లకైతే అసలు రాదు. రికవరీ నంబర్‌గా అలాంటి పాత నంబర్ ఉంటే ఇప్పుడే మార్చుకోండి.

పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లో ఉండే డిజిటల్ తాళంచెవి, కూడా పెట్టాను. వేలిముద్రో ఫోన్ పిన్నో చాలు, టైపు చేసేదేం లేదు. అది పుట్టిన సైట్ చిరునామాకే కట్టుబడి ఉంటుంది, అందుకే నకిలీ లాగిన్ పేజీ ఎంత అచ్చంగా ఉన్నా అక్కడ పనిచేయదు. ఓటీపీకి ఆ తెలివి లేదు, ఎక్కడ కొడితే అక్కడికి పోతుంది. ల్యాప్‌టాప్‌లో ఫోన్ పాస్‌కీతో లాగిన్ అవ్వాలంటే తెర మీది క్యూఆర్ స్కాన్ చేయాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: రెండింట్లోనూ బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి. ఫోన్ నిజంగా పక్కనే ఉందా అని తేల్చుకునేది దానితోనే.

పాత ఫోన్ ఇంకా చేతిలో ఉండగానే ల్యాప్‌టాప్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, పాస్‌వర్డ్ తర్వాత "వేరే పద్ధతి ప్రయత్నించు" నొక్కి ఒక బ్యాకప్ కోడ్ కొట్టాను. లోపలికి వెళ్లింది. కాగితం మీద ఆ కోడ్ కొట్టేశాను, తొమ్మిది మిగిలాయి. అప్పుడు పాత ఫోన్‌లో అథెంటికేటర్ ఎంట్రీలు తీసేసి, సెట్టింగ్స్ నుంచి గూగుల్ ఖాతా తొలగించి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ నొక్కాను.