ఈబోర్ సిటీలో మూడు గదుల ఇల్లు

"కట్టెల ఇల్లు కొంటడంట బిడ్డా, జర నువ్వు పోయి చూసి చెప్పు" అని అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. తమ్ముడు ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటాడు. అక్కడి తెలుగువాళ్లు చాలామంది ఊరికి ఉత్తరాన కొత్త కాలనీల్లో ఇళ్లు కొనుక్కుంటారు. వీడేమో ఈబోర్ సిటీ అనే పాత క్యూబన్ పేటలో నూరేళ్లు దాటిన ఇల్లు ఒకటి చూసి, అదే కావాలని పట్టుబట్టాడు. ఎలాగూ సెలవులకు వాడి దగ్గరికే వెళ్తున్నాను కాబట్టి ఆ పని నా మీద పడింది.

డౌన్‌టౌన్ నుంచి పసుపు రంగు ట్రామ్ ఎక్కాం. టికెట్ లేదు, ఎవరైనా ఎక్కవచ్చు. దిగీ దిగగానే ఒక కోడిపుంజు పిల్లల కోడిని వెంటేసుకుని మా ముందు నుంచే రోడ్డు దాటింది. ఆ పేటలో కోళ్లు ఎవరి సొంతమూ కావు. పూర్వం ఇక్కడి కార్మికులు పెరట్లో పెంచుకున్న కోళ్ల సంతతి అంటారు. వాటిని ఎవరూ పట్టరు, తరమరు. ఏడో అవెన్యూ పొడవునా ఎర్ర ఇటుక భవనాలు, ఇనుప బాల్కనీలు. 1915 నుంచి నడుస్తున్న లా సెగుండా బేకరీలో గజం పొడవు రొట్టె కాలుస్తారు. పిండి మీద ఒక తాటి జాతి ఆకు పీలిక పరిచి పొయ్యిలో పెడితే, ఆ ఆకు వెంబడే రొట్టె పైన పగులుతుంది. వేడి రొట్టెకు వెన్న రాసుకుని, పాల కాఫీలో ముంచుకుని తిన్నాం.

ఈ పేట పుట్టిందే చుట్టల కోసం. విసెంటే మార్టినెజ్ ఈబోర్ అనే స్పెయిన్ దేశస్థుడు మొదట క్యూబా రాజధాని హవానాలో, తర్వాత ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న కీ వెస్ట్ దీవిలో చుట్టల ఫ్యాక్టరీలు నడిపాడు. 1885లో టాంపా పక్కన ఇసుక, పొదలు తప్ప ఏమీ లేని భూమి కొన్నాడు. ఫ్యాక్టరీ కట్టడం ఒక ఎత్తు, పనివాళ్లను నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. చుట్టలు చుట్టడంలో చేయి తిరిగిన క్యూబన్లు నచ్చకపోతే పడవెక్కి హవానా వెళ్లిపోయేవాళ్లు. అందుకని చిన్న చిన్న చెక్క ఇళ్లు కట్టించి, నెలనెలా కిస్తులు కట్టుకునేలా వాళ్లకే అమ్మాడు. సొంతిల్లు ఉన్నవాడు తొందరగా ఊరు వదలడని ఆయన లెక్క. ఆ ఇళ్లను 'కసీతా' అంటారు, చిన్న ఇల్లు అని అర్థం.

పేట మ్యూజియంలో అలాంటి ఇల్లు ఒకటి తెరిచి చూపిస్తారు. ముందు వసారా, తర్వాత ఒకదాని వెనుక ఒకటిగా గదులు. నేల తగలకుండా ఇటుక దిమ్మల మీద నిలబెట్టారు. కింద గాలి ఆడుతుంది, చెక్కకు తేమ పట్టదు. ఆ వసారాలో నిలబడితే నాకు మా కోరుట్ల గుర్తొచ్చింది. మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చేసింది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, పొద్దంతా అరుగు మీదే. బీడీ కార్మికుల కాలనీలో ఇల్లు చేతికొచ్చేసరికి ఆమె వేళ్లు వంగడం మానేశాయి.

ఇక్కడి ఫ్యాక్టరీల్లో 'లెక్టర్' అనే మనిషి ఉండేవాడు. ఎత్తయిన పీట మీద కూర్చుని పొద్దున పేపరు, తర్వాత నవలలు గట్టిగా చదివి వినిపించేవాడు. అతని జీతం యజమాని కాదు, పనివాళ్లే తలా కొంత వేసుకుని ఇచ్చేవాళ్లు. ఏం చదవాలో కూడా వాళ్లే నిర్ణయించుకునేవాళ్లు. చదువురాని మనిషికి కూడా ప్రపంచ రాజకీయాలు తెలిసేవి. అందుకే యజమానులకు అది కంటగింపయ్యి, 1931లో ఆపించేశారు. ఇది విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఏడో తరగతిలో నేను అమ్మకూ వాడకట్టు ఆడవాళ్లకూ వారపత్రికలో సీరియల్ చదివేదాన్ని. ఒక్క వారం పత్రిక రాకపోతే వాళ్లు నన్ను సతాయించేవాళ్లు.

ఈ కార్మికులు విని ఊరుకోలేదు. 1891లో క్యూబా స్వాతంత్ర్య ఉద్యమ నాయకుడు హోసే మార్తీ ఇక్కడికి వచ్చి మాట్లాడాక, స్పెయిన్ నుంచి క్యూబా విముక్తి కోసం తమ కూలిలోంచి చందాలిచ్చారు. ఆయనకు ఆశ్రయమిచ్చిన పౌలీనా పెద్రోసో నల్లజాతి క్యూబన్ మహిళ. ఆమె ఇల్లున్న చోట ఇప్పుడు చిన్న పార్కు ఉంది. ఆ స్థలం క్యూబా దేశం పేరిటే ఉంది. కానీ స్వాతంత్ర్య పోరాటంలో కలిసి నడిచిన తెల్ల, నల్ల క్యూబన్లు ఫ్లోరిడాలో వర్ణ వివక్ష చట్టాల నీడన వేర్వేరు సంఘాలయ్యారు. తెల్ల క్యూబన్లు 1917లో కట్టుకున్న క్యూబన్ క్లబ్ భవనం ఠీవిగా నిలబడే ఉంది. నల్లజాతి వాళ్ల మార్తీ-మాసెయో సంఘం పాత భవనాన్ని మాత్రం 1960లలో పేట బాగుచేస్తామంటూ కూల్చేశారు. ఆ పేరుతోనే, హైవే పేరుతోనూ, ఎన్నో కసీతాలు పోయాయి. మిగిలినవాటి ధర ఇప్పుడు చేతిపని చేసుకునేవాళ్లకు అందదు. ఇది నాకు చాలా బాధనిపించింది.

తమ్ముడు చూసిన ఇల్లు బాగుంది. పైన్ చెక్క ఇప్పటికీ రాయిలా ఉంది. అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ఇంత పాత ఇంటికి పైకప్పు, కరెంటు, ప్లంబింగ్, ఏసీ నాలుగూ చెక్ చేయించమన్నారు. గోడలో పాతకాలం వైరింగ్ బయటపడింది. మొత్తం మార్పిస్తేనే పాలసీ అన్నారు. చెదపురుగుల పరీక్ష వేరే. పైగా ఇది రక్షిత చారిత్రక ప్రాంతం కాబట్టి, కిటికీ మార్చాలన్నా, బయట మరే మార్పు చేయాలన్నా ఈ పేట పాత కట్టడాలను చూసుకునే బారియో లాటినో కమిషన్ అనుమతి కావాలి. మరదలు టెన్షన్ పడింది. "వదినా, కొత్తిల్లయితే ఈ తిప్పలు ఉండవు కదా" అంది. నిజమే. కానీ ఆ అనుమతుల నియమం లేకపోతే ఈ వసారాలు ఈపాటికి ఉండేవి కావు. కొనేవాళ్లు అది భారమని కాకుండా బాధ్యత అనుకుంటేనే ఇక్కడికి రావాలని ఇద్దరికీ చెప్పాను. వైరింగ్ ఖర్చు ధరలో తగ్గించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు.

నేను వచ్చేశాక నెలకు రిజిస్ట్రేషన్ అయింది. తమ్ముడు వసారాలో కూర్చుని అమ్మకు వీడియో కాల్ చేశాడు. గదులన్నీ తిప్పి చూపించాడు. అమ్మ ఏమీ అనలేదు. ఇంతలో వెనక ఎక్కడో కోడి కూసింది.

"కోళ్లు సాదుతున్నరా?"

"మనయి కావమ్మా. పేటవి."

"అట్లనా" అని కాసేపు ఆగి, "అరుగు మంచిగుంది బిడ్డా. జర కెమెరా అటే పట్టు" అంది.