బరువు లేచింది, లిఫ్టు పోయింది

పోయిన డిసెంబర్లో మా జిమ్ వాళ్లం పదకొండు మందిమి కలిసి మాలో మేమే ఓ పోటీ పెట్టుకున్నాం. జిమ్ పోటీల్లో మామూలుగా ఉండే స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్ లాంటివి కాదు. వందేళ్ల కిందటి పహిల్వాన్లు ఎత్తి, ఆ తర్వాత జనం మర్చిపోయిన లిఫ్టులు: జెర్చర్, జెఫర్సన్, స్టైన్‌బోర్న్, ఒంటి చేతి డెడ్‌లిఫ్ట్. నేను జెర్చర్లో, అంటే బార్‌ని మోచేతి మడతల్లో పెట్టుకుని లేచేదాంట్లో, 130 కిలోలు లేపాను. నిటారుగా నిలబడ్డాను, కనీసం నిలబడ్డాననే అనుకున్నాను. మోచేతి మడతల్లో ప్రాణం పోతుంటే ఇంక చాల్లే అని దించేశాను. రిఫరీగా కూర్చున్న మా వస్తాదు గారు చెయ్యి అడ్డంగా ఊపారు.

"నాను డౌనన్నానేటిరా? ఎవలు దించమన్నారు నిన్ను?"

అంతే, నో లిఫ్ట్. రిఫరీ డౌన్ అనకముందే దించితే ఎత్తినట్టు లెక్క కాదు. ఇరవై ఏళ్లుగా ఇనుము పడుతున్నవాణ్ణి, కుర్రాళ్ల ముందు పరువు పోయింది. ఇంటికెళ్లి రాత్రంతా వీడియో చూసుకున్నాను. ఆయన చెప్పిందే కరెక్టు. అసలు ఆయన దయ తలిచి ఒక తప్పే చెప్పారు. పక్క నుంచి చూస్తే నా భుజాలు ముందుకే వాలి ఉన్నాయి, ఎడమ మోకాలు పూర్తిగా సాగనే లేదు.

ఈ ఏడాది మళ్లీ పెడుతున్నాం, కొత్తవాళ్లు ఫోన్లు చేసి అడుగుతున్నారు కాబట్టి తెలిసింది రాస్తున్నా. బలం పెంచుకోవడం ఎలాగో నన్ను అడగొద్దు, అది ఎక్కడైనా దొరుకుతుంది. మా పోటీలో పోయిన లిఫ్టుల్లో సగానికి పైగా బరువు లేవక పోయినవి కావు, లేచాక పోయినవి. నేను రాసేది దాని గురించే.

మనవాళ్లకి ఇదేమీ కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో పండగలొస్తే సంగిడీలు, అంటే బరువు రాళ్లు, ఎత్తే పోటీలు మా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నారని తాతల నోట విననివాడు ఉత్తరాంధ్రలో ఉండడు. కానీ ఊళ్లో పోటీకి రూలేంటంటే, ఎత్తాడా లేదా అని జనం అరిచేదే రూలు. బార్ మీద ఎత్తే ఈ పాత లిఫ్టులకి మాత్రం రాసిపెట్టిన రూల్స్ ఉన్నాయి. అమెరికాలో 1987లో దీనికోసమే ఆల్‌రౌండ్ వెయిట్‌లిఫ్టింగ్ సంఘం పెట్టుకున్నారు. రెండొందలకి పైగా లిఫ్టులు, ఒక్కోదానికీ విడిగా నిబంధన. మేం అక్కడి నుంచే తీసుకుని మాకు వీలైనట్టు కుదించుకున్నాం.

అందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, సామాన్లు వద్దు. బెల్టు ఒకటి పెట్టుకోవచ్చు, అదీ 10 సెంటీమీటర్లు మించకూడదు. మోకాళ్లకి స్లీవులు, ర్యాప్‌లు (బిగుతు తొడుగులు, చుట్టే పట్టీలు), చేతికి స్ట్రాపులు ఏవీ కుదరవు. వయసుకి కూడా లెక్క ఉంది, 40 దగ్గర నుంచి ఎత్తిన బరువు లెక్కకి ఏడాదికి 1 శాతం చొప్పున కలుపుతారు. ఈ రూలు పెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ నూరేళ్లు చల్లగా ఉండాలి.

ముందు జెర్చర్ సంగతి. 1930ల్లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎడ్ జెర్చర్ అనే ఆయన ఎత్తేవాడు, ఆయన పేరే దానికి స్థిరపడిపోయింది. జిమ్‌లో చాలామంది ర్యాక్ (బార్ పెట్టే స్టాండు) మీద నుంచి బార్‌ని మోచేతుల్లోకి తీసుకుని స్క్వాట్ చేసి ఇదే జెర్చర్ అంటారు. పోటీ జెర్చర్ నేల మీద నుంచి మొదలవుతుంది. పెద్ద ప్లేటు అడ్డంగా 45 సెంటీమీటర్లు, అంటే బార్ నేలకి ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడిదాకా అరచేతులు కాదు, మోచేతులు దిగాలి. ఒక్కసారి ఇంట్లో బకెట్ పెట్టుకుని ప్రయత్నించండి, తెలుస్తుంది.

కాళ్లు ఎడంగా పెట్టి, మోచేతులు మోకాళ్ల మధ్య నుంచి దించడం నాకు కుదిరింది, పొడుగు కాళ్లవాళ్లకి ఇంకోలా కుదరొచ్చు. బార్ ముంజేతి మీద కాదు, మడత లోపలికి, జబ్బ వైపుకి కూర్చోవాలి. రెండు పిడికిళ్లూ ఒకదానికొకటి ఆనించి గడ్డం కిందకి తెచ్చుకోండి. చేతులు ఇక్కడ కొక్కేలు మాత్రమే, వాటితో లాగబోతే జబ్బ నరం పట్టేస్తుంది, మా కుర్రాడొకడు నెల రోజులు టీ గ్లాసు కూడా ఎడం చేత్తోనే ఎత్తాడు. ఊపిరి పైన నిలబడి ఉన్నప్పుడే పీల్చుకుని దిగాలి, కిందకి వెళ్లాక పొట్టలో చోటుండదు. బెల్టు కూడా అందుకే మామూలు కంటే ఒక బొక్క వదులుగా పెట్టుకుంటా, లేకపోతే కింద అది పక్కటెముకల్లోకి దిగుతుంది. టవల్, స్పాంజి చుట్టుకోవడం మా పోటీలో లేదు కాబట్టి ప్రాక్టీసులో కూడా చుట్టుకోకండి. మొదటి నెల మడతల్లో నల్లగా కమిలిపోతుంది. మా ఆవిడ ఆ మచ్చలు చూసి ఆఫీసులో ఎవరితోనైనా గొడవ పడ్డారా అని అడిగింది. వారానికి ఒక్కసారి చాలు, చర్మం దారిన అది గట్టిపడుతుంది.

ఇంక అసలు విషయం, పైన నిలబడటం. బరువు ఛాతీ ముందు వేలాడుతుంది కాబట్టి భుజాలు తెలియకుండానే ముందుకి వచ్చేస్తాయి, మనకి మాత్రం కొబ్బరి చెట్టులా నిలబడ్డట్టే అనిపిస్తుంది. మోకాళ్లు బిగిసి, తుంటి ముందుకొచ్చి, భుజాలు వెనక్కి వెళ్లి, కదలకుండా ఉంటేనే రిఫరీ డౌన్ అంటాడు. ఆ మాట వచ్చేదాకా లిఫ్టు అయిపోలేదు. అద్దంలో చూసుకుంటే ఇది కనపడదు, పక్క నుంచి వీడియో తీయించుకోవాలి.

జెఫర్సన్ నాకు అన్నిటికన్నా ఇష్టం. బార్‌కి అటో కాలు ఇటో కాలు వేసి, గుర్రం ఎక్కినట్టు నిలబడి, ఒక చేయి ముందు నుంచి ఒక చేయి వెనక నుంచి పట్టుకుని లేవాలి. నడుం మీద భారం తక్కువ, తొడల మీద ఎక్కువ, అందుకే నడుం నొప్పి ఉన్నవాళ్లు కూడా దీన్ని ఇష్టపడతారు. ఇబ్బందల్లా బార్ గేటులా తిరుగుతుంది. ముందు చేయి గట్టిగా లాగితే ఒక వైపుకి, వెనక చేయి లాగితే ఇంకో వైపుకి. అది తిరిగిందంటే దాన్ని ఆపడానికి కాలు కదుపుతాం, కాలు కదిలితే లిఫ్టు పోతుంది. వెనక పాదాన్ని బాగా బయటికి తిప్పి, బరువు రెండు పాదాల మీదా సమానంగా పడేలా చూసుకుని, మెల్లగా బార్‌ని బిగించి అప్పుడు లేవండి. గుంజి లేపకూడదు. చేతులు మరీ ఎడంగా పట్టుకోవద్దు. ఎడంగా పట్టుకున్నకొద్దీ బార్ ఇంకా పైకి రావాలి, పైకి వస్తే ఎక్కడ తగులుతుందో మగవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. వదులు షార్ట్స్ వేసుకుంటే గుడ్డ బార్‌కి చుట్టుకుంటుంది, అది కూడా మా జిమ్ షెడ్డులో అందరి ముందూ జరిగిన ముచ్చటే.

స్టైన్‌బోర్న్ మాత్రం ఒంటరిగా ఇంట్లో నేర్చుకునేది కాదు, ముందే చెప్తున్నా. 1921లో జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన మైలో స్టైన్‌బోర్న్ పేరుతో వచ్చింది. అప్పట్లో స్క్వాట్ ర్యాకులు ఉండేవి కావు, బార్‌ని భుజాల మీదకి ఎత్తి పెట్టేవాళ్లు లేకపోతే ఏం చేస్తారు? బార్‌ని ఒక కొస మీద నిలువుగా నిలబెట్టి, దాని పక్కన కూర్చుని, వీపు మీదకి వాల్చుకుని, అలా కూర్చున్న చోటు నుంచే లేవడం. చూడటానికి తాడిచెట్టు మీద పడుతున్నట్టు ఉంటుంది. అందరూ మర్చిపోయేది ఏంటంటే దించడం కూడా లిఫ్టులో భాగమే, లేచాక మళ్లీ కూర్చుని, మళ్లీ కొస మీదకి వాల్చి, అదుపులో దించాలి. మా పోటీలో ఒక కుర్రాడు 90 కిలోలతో చక్కగా లేచి, చప్పట్లు వినగానే వెనక్కి పడేశాడు. చప్పట్లూ పోయాయి, లిఫ్టూ పోయింది.

ఇందులో నేర్పంతా బార్ మధ్యని కనుక్కోవడంలో ఉంది. రెండు వేళ్లు అటూ ఇటూ అయినా వీపు మీద ఏతాంలా ఊగుతుంది. మెడ కింద తగలాల్సిన చోట బార్ మీద చాక్‌తో గీత పెట్టుకోండి. కాలర్లు, అంటే ప్లేట్లు జారకుండా బిగించే క్లిప్పులు, రెండు సార్లు చూసుకోండి, నిలువుగా నిలబెట్టినప్పుడు పై ప్లేట్ల బరువంతా కింది వైపుకి, అంటే మన తల వైపుకే జారాలని చూస్తుంది. ఖాళీ బార్‌తో ఓ పది రోజులు, తర్వాత 40 కిలోలతో ఓ నెల, తొందరేం లేదు. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వెయ్యాలి. మేం వెయ్యలేదు, రెండు టైల్స్ పగిలాయి, షెడ్డు ఓనరు గారితో ఆ లెక్క ఇంకా తేలలేదు.

ఇక ఒంటి చేతి డెడ్‌లిఫ్ట్, నేల మీది బార్‌ని ఒక్క చేత్తో మధ్యలో పట్టుకుని నిలబడటం. ఇందులో 1920లో లైప్‌జిగ్‌లో హెర్మన్ గోర్నర్ 330 కిలోలు ఎత్తాడని పాత రికార్డు. మనకి 100 దాటితేనే గొప్ప. ఒలింపిక్ బార్‌కి లోపలి భాగం 131 సెంటీమీటర్లు, కాబట్టి మధ్య 65.5 దగ్గర. టేపు పెట్టి కొలిచి చూసుకోండి, కంటి అంచనా పనికిరాదు. బొటనవేలిని వేళ్ల కింద బిగించి పట్టే హుక్ గ్రిప్ నొప్పి పుట్టిస్తుంది గానీ బార్ చేతిలో దొర్లకుండా ఆపేది అదొక్కటే. రెండో చేతిని తొడ మీద ఆనించుకోవచ్చు, బార్‌కి గానీ ఎత్తే చేతికి గానీ తగలనివ్వద్దు.

మన ఊరి గాలి గురించి ఒక మాట. మా షెడ్డుకీ సముద్రానికీ కిలోమీటరు కూడా ఉండదు. ఆ ఉప్పు గాలికి బార్ మీద గరుకు గీతలు తుప్పు పట్టి నిండిపోతాయి, గ్రిప్ మొత్తం పోతుంది. వారానికోసారి వైరు బ్రష్షుతో రుద్ది, నూనె పలచగా రాసి, పోటీకి ముందు రోజు పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. చాక్ డబ్బా మూత తీసి వదిలేస్తే సాయంత్రానికి ముద్దయిపోతుంది. మే నెలలో పోటీ పెట్టుకుందామన్న మహానుభావులు ఈసారి కూడా ఉన్నారు, వాళ్ల మాట వినకండి.

రిఫరీతో గొడవ పడేవాళ్ల కోసం ఇంకోటి. ఒకప్పుడు ఒలింపిక్స్‌లో ప్రెస్ అని, బార్‌ని భుజాల దగ్గర నుంచి చేతులతో తల పైకి తోసే మూడో లిఫ్టు ఉండేది, 1972 మ్యూనిక్ తర్వాత తీసేశారు. వెనక్కి ఎంత వాలితే తప్పు అన్నది రిఫరీలకే తేలకపోవడం దానికి పెద్ద కారణం. పెద్ద పోటీల్లోనే అలా ఉంటే మన షెడ్డులో ముగ్గురు రిఫరీలూ ఒకే మాట మీద ఉంటారని ఎందుకు అనుకోవాలి? వాళ్లకి అనుమానం రాకుండా నిలబడటం మన పని. లిఫ్టు మొదలవక ముందే అడగండి, "డౌన్ నోటితో చెప్తారా, చేత్తో చూపిస్తారా" అని. పోయినసారి నేను అడగలేదు.

అటెంప్టులు మూడే. మొదటిది, పైన అయిదు సెకన్లు హాయిగా పట్టుకుని నిలబడగలిగే బరువై ఉండాలి, ఒక్కసారి ఎలాగోలా ఎత్తింది కాదు. చివరిదానికి దూకుడు వద్దని అందరికీ చెప్పాలనుంది గానీ ఆ మాట అనడానికి నోరు రాదు. 2000 సిడ్నీలో మన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి రెండు లిఫ్టుల్లో 110, 130 ఎత్తి మొత్తం 240తో ఉంది, పై ఇద్దరూ 242.5 దగ్గర ఆగారు. చివరి అటెంప్టులో 137.5 అడిగింది. అది లేవలేదు, కంచు వచ్చింది. ఆ 7.5 కిలోల గురించి మా జిమ్‌లో ఇప్పటికీ వాదించుకుంటారు. నాకైతే అక్కడ 137.5 అడిగిన ధైర్యమే గుర్తుంటుంది. కానీ మా షెడ్డు పోటీలో పతకాలు లేవు, గెలిచినవాడికి రెండు ట్రేల గుడ్లు, కాబట్టి మీరు మాత్రం రెండున్నర కిలోలే పెంచండి.

నేనిప్పుడు ప్రతి ఆదివారం జెర్చర్ ఆఖరిసారి ఎత్తేది వస్తాదు గారి ముందే ఎత్తుతున్నా. మూడు అంకెలు లెక్కపెట్టి డౌన్ అనండి గురువు గారూ అని బతిమాలుకున్నాను, సరే అన్నారు. మొన్న 110 పట్టుకుని నిలబడితే, ఆయన ఒకటి అన్నారు, రెండు అన్నారు, ఇంతలో టీ కుర్రాడు వచ్చాడు. చక్కెర తక్కువెయ్యమని వాడికి చెప్పి, గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, అప్పుడు నా వైపు తిరిగి "ఇంకా దించనేదేటిరా?" అన్నారు. డౌన్ మాత్రం అనలేదు. నేనూ దించలేదు.