రెండడుగుల మట్టి ఉంటే నందివర్ధనం పెట్టండి

మొన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. కొత్త ఇంటి ముందు గోడవారగా రెండడుగుల మట్టి వదిలారట, తనకేమో పొద్దున్న ఏడున్నరకి బస్సు, రోజూ నీళ్లు పోయడం కుదరదు, ఏం మొక్క పెట్టుకోమంటావక్కా అని అడిగింది. నందివర్ధనం పెట్టు అన్నాను. "గుళ్లో ఉంటుంది, అదేనా?" అంది, ఇంకేమైనా మంచిది చెప్పు అన్నట్టు. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. ఎనిమిదేళ్లకు పైగా మా ఇంటి ముందు నిలబడి, నేను ఊళ్లో లేని మే నెలల్లో కూడా పూసిన మొక్క అది. దాని గురించి ఒకసారి తీరిగ్గా రాయాలనిపించింది.

మేం 2016లో హైదరాబాద్ శివార్లలో ఇల్లు కట్టుకుని వచ్చాం. నేలంతా మొరం, గడ్డపార వేస్తే ఠంగుమనేది. బోరు నీళ్లు ఎంత ఉప్పంటే, బకెట్ అడుగున నెలకే తెల్లగా పొర కట్టేది. మొదటి ఏడాది మోజుకొద్దీ నర్సరీ నుంచి గులాబీలు, నూరువరహాలు తెచ్చి పెట్టాను. గులాబీలకు వారానికో రోగం. నూరువరహాల ఆకులు ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి మిగతాదంతా పసుపు రంగుకు తిరిగిపోయాయి, సున్నం ఎక్కువున్న మట్టిలో, నీళ్లలో ఆ మొక్కకు ఇనుము అందదు, అందుకని. మందులు కొనీ కొనీ విసుగొచ్చింది. ఆ వానాకాలంలోనే మా అత్తయ్య తెనాలి నుంచి వస్తూ తడిగుడ్డలో చుట్టి నాలుగు నందివర్ధనం కొమ్మలు తెచ్చారు. మూడు బతికాయి. నేను రోజూ వెళ్లి చిగురొచ్చిందా అని కదిపి చూస్తుంటే, "అట్టా కదపమాకమ్మా, వేరు పట్టనీయ్, దాని మానాన దాన్ని వదిలెయ్" అన్నారు. ఈ మొక్క పెంపకం గురించి నాకు తెలిసినదంతా ఆ ఒక్క మాటలోంచి వచ్చిందే.

కొమ్మ ఎలా నాటాలో చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతాను. జూలై, ఆగస్టుల్లో, వానలు పడుతుండగా, పెన్సిలంత లావున్న కొమ్మను జానెడు పొడవున కోయండి, మరీ లేతదీ వద్దు, బాగా ముదిరిందీ వద్దు. కోయగానే తెల్లటి పాలు కారతాయి. కాసేపు నీళ్లలో ఉంచితే పాలు ఆగిపోతాయి. కింది ఆకులు తీసేసి పైన రెండు మూడు ఉంచి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో పెట్టండి. నెల, నెలన్నరలో వేరు పడుతుంది. నేలలోకి మార్చేటప్పుడు మాత్రం గుంత పెద్దగా తవ్వండి, అక్కడ బద్ధకించకండి. మా మొరంలో రెండడుగుల గుంత తవ్వించి, సగం మాగిన పశువుల ఎరువు, సగం ఎర్రమట్టి నింపాను. ఆ ఒక్కరోజు పడ్డ కష్టమే, తర్వాత ఏమీ లేదు. మొదటి ఏడాది వారానికి రెండు మూడుసార్లు నీళ్లు పోశాను. ఇప్పుడు ఎండాకాలంలో వారానికోసారి పాదు నిండా పోస్తే చాలు, వానాకాలంలో అసలు దాని వైపు చూడను.

ఎండ బాగా తగలాలి. సగం నీడలో కూడా పెరుగుతుంది కానీ పూలు తగ్గుతాయి. వదిలేస్తే నా తల దాటి ఏడెనిమిది అడుగులు పెరుగుతుంది, కత్తిరిస్తే గుండ్రంగా పొదలా ఉంటుంది. దీని కొమ్మ ప్రతి చివరా రెండుగా చీలుతుంది, పూలు వచ్చేది ఆ చీలిక దగ్గరే. అందుకే ఏడాదికోసారి చలి తగ్గాక, ఫిబ్రవరి ప్రాంతంలో మూడో వంతు కత్తిరిస్తే ఎండాకాలం వచ్చేసరికి ఎన్నో కొత్త చీలికలు, చీలికకో గుత్తి. రకాలు రెండు చూస్తాం. రేక నందివర్ధనం అయిదు రేకులతో గాలిమరలా ఉంటుంది, ముద్ద నందివర్ధనానికి రేకులు ఎక్కువ, రాత్రిపూట సన్నటి వాసన కూడా. నాకు ముద్దదే ఇష్టం. పూజకి మా వీధిలో వాళ్లంతా మా ఇంటి నుంచే కోసుకెళ్తారు, కార్తీక మాసంలో అయితే తెల్లారకముందే గేటు చప్పుడవుతుంది, శివుడికి తెల్లపూలు కదా.

ఒక జాగ్రత్త. ఇది గన్నేరు కుటుంబం మొక్క, ఆ పాలు కంట్లో పడకూడదు, పిల్లల నోట్లోకి పోకూడదు. కళ్లకు చలవ అని మూసిన రెప్పల మీద ఈ పూలు పెట్టుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది, మా అమ్మ కూడా పెట్టేది. పూలు పెట్టుకోండి కానీ తొడిమలు తీసేసి, పాలు లేకుండా కడిగి పెట్టుకోండి. కంట్లో వేస్తే మంచిదని ఎవరైనా చెబితే మాత్రం వినకండి, కంటి బాధకి డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

ఇక నేను చేసిన తప్పు. 2018 సెప్టెంబరులో ఒకరోజు చూస్తే పొద కింద నేలమీద మిరియాల కన్నా పెద్ద నల్లటి ఉండలు, పైన కొమ్మలకు ఆకుల్లేవు. వెతికితే వేలంత పొడవున్న పచ్చటి పురుగులు, తల వెనక రెండు నీలం కళ్లలాంటి మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము. నాకు భయమేసింది, మొక్క పోతుందని టెన్షన్. ఎరువుల షాపుకి పరుగెత్తి మందు తెచ్చి కొట్టాను. మర్నాడు పొద్దున పన్నెండు పురుగులు రాలి ఉన్నాయి, వాటి పక్కనే తేనెటీగలు కూడా. మా అబ్బాయికప్పుడు ఆరేళ్లు, వాటిని లెక్కపెట్టి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయాడు. నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను, అవి ఓలియాండర్ హాక్ మాత్ అనే, చీకట్లో తిరిగే సీతాకోకచిలుక లాంటి పురుగు పిల్లలు. గన్నేరు, నందివర్ధనం, బిళ్ల గన్నేరు, ఇలాంటి పాల మొక్కలే వాటి తిండి. ఆ నీలం మచ్చలు పిట్టల్ని బెదిరించడానికి. పెరిగాక ఆకుపచ్చ, గులాబీ చారలతో సైనికుల యూనిఫాంలా ఉంటాయి రెక్కలు, చీకటి పడేవేళ పువ్వు ముందు గాల్లోనే నిలబడి తేనె తాగుతుంది. మళ్లీ వస్తే ముట్టుకోకూడదని ఆ రోజే అనుకున్నాను.

మరుసటి ఏడాది వచ్చాయి. ఈసారి చూస్తూ ఊరుకున్నాను. పది పదిహేను రోజుల్లో పొద సగం బోడి అయింది, చూడ్డానికి కష్టంగానే ఉండింది. కానీ వేరు గట్టిగా ఉంది కదా, నెల తిరిగేసరికి మళ్లీ నిండా ఆకులు, దసరా దాటాక పూలు. ఆ తర్వాత ఏ ఏడూ మందు కొట్టలేదు. పిండినల్లి పడితే మాత్రం లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి, ఆ పచ్చ పురుగుల్లేని కొమ్మల మీద సాయంత్రం కొడతాను, అంతే.

ఇంకొకటి, పొద కింద రాలిన ఆకుల్ని ఊడ్చేయకండి. బాగా తిన్న పురుగు గోధుమ రంగుకి మారి కిందికి దిగి ఆ ఆకుల్లోనే ప్యూపా అవుతుంది, అంటే రెక్కలొచ్చేదాకా కదలకుండా ఉండిపోతుంది. మా వాకిలి ఊడ్చే ఆవిడకి మొదట్లో ఇది విచిత్రంగా అనిపించింది, ఇప్పుడు తనే వచ్చి "అమ్మా, ఒకటి దిగింది" అని పిలిచి చూపిస్తుంది. కిందటేడు అక్టోబరులో ఒక సాయంత్రం ఆ మాత్ గేటు స్తంభం మీద రెక్కలు విప్పుకుని కూర్చుంది. మావాడు, ఇప్పుడు నాకన్నా పొడుగు, గంటసేపు గేటు తీయనివ్వలేదు, వాళ్ల నాన్న స్కూటర్ బయటే ఆపి నిలబడ్డారు.

చెల్లెలు ఆదివారం వస్తానంది. ముద్దది రెండు కొమ్మలు, రేకది ఒకటి ఎంచి పెట్టాను, పొద్దున్నే కోసి తడిగుడ్డలో చుట్టిస్తాను. గుంత మాత్రం రెండడుగులు తవ్వించి ఉంచమని చెప్పాను.