పదును ఎక్కడుంటే పొద అక్కడ

మొన్నెప్పుడో పడిన జల్లు ఆనవాలు నేల మీద ఎక్కడా లేదు. సాయంత్రం ఎండ తగ్గాక గుట్ట వైపు వెళ్ళి, చేతికర్రతో రెండు చోట్ల తవ్వి చూశాను. వాగు ఒడ్డున ఇసుక పైన పొడిగా, కాలేంత వేడిగా ఉంది. జానెడు లోపల మాత్రం చల్లగా తగిలింది. పిడికిట బిగిస్తే ఉండ కాలేదు గానీ నాలుగు రేణువులు వేళ్ళకి అంటుకున్నాయి. కాస్త అవతల బంకనేల నెర్రెలు విచ్చి ఉంది, కర్ర దిగితేనా! పెళ్ళ విరిచి చూస్తే లోపలా పొడే. మరి పొదలన్నీ ఇసుక వైపే ఉన్నాయి.

ఇసుకలో నీళ్ళు నిలవవని అందరూ అనే మాటే. వానలు బాగా పడే చోట అది నిజం. ఎండు ప్రాంతాల్లో లెక్క తిరగబడుతుంది. ఇసుకలో పడిన చినుకు లోతుకు జారిపోతుంది, ఆ తర్వాత ఎండిన పైపొర కింది తేమకు మూతలా పనిచేస్తుంది. బంకమట్టి చిన్న జల్లుని పై నాలుగు వేళ్ళలోనే ఆపేస్తుంది, దాన్ని ఎండ తాగేస్తుంది. పైగా మిగిలిన నీటిని కూడా గట్టిగా పట్టుకుని వేరుకి వదలదు. ఆ పట్టు దాదాపు 15 బార్లు (బార్ అంటే పీడనం కొలత) దాటితే మామూలు పంట మొక్కలు చేతులెత్తేస్తాయి. అమెరికా ఎడారుల్లోని క్రియోసోట్ పొద 60 బార్లు దాటినా లాక్కుంటుంది, అది వేరే మొండితనం. ఎడారి జీవావరణాన్ని చదివిన శాస్త్రవేత్త ఇమాన్యుయెల్ నోయ్-మెయిర్ 1973లోనే ఈ ఇసుక-బంకమట్టి తిరకాసు వివరించాడు. అయినా ఎడారి అనగానే మనం వాన లెక్కే అడుగుతాం, మట్టి సంగతి అడగం.

వేర్ల కథ ఇంకోలా ఉంటుంది. దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలోని కలహారి ఎడారిలో బోరు వేస్తుంటే షెపర్డ్ చెట్టు వేర్లు 68 మీటర్ల లోతున దొరికాయి. సాగ్వారో బ్రహ్మజెముడు వేర్లు మాత్రం ఎక్కువగా పైపైనే చుట్టూ పరుచుకుని, పడిన జల్లుని పడినట్టే పట్టేస్తాయి. కొన్ని పొదలైతే రాత్రిపూట లోతు నీటిని వేర్ల ద్వారా పైకి తెచ్చి ఎండిన పైపొరలో వదులుతాయి. 1987లో రిచర్డ్స్, కాల్డ్‌వెల్ అనే శాస్త్రవేత్తలు సేజ్‌బ్రష్ అనే అమెరికా పొదలో ఇది గమనించారు. పక్కన గడ్డి ఉంటే అదీ రెండు గుక్కలు తాగుతుంది. అడిగి తాగుతుందా ఏమిటి!

తిరిగొస్తుంటే వాలు మీద పెచ్చు కట్టిన బోడి నేల కనిపించింది, దాని దిగువ అంచున వరసగా పొదలు. పశ్చిమ ఆఫ్రికా దేశం నైజర్‌లో ఇదే పెద్ద ఎత్తున ఉంటుంది. పై నుంచి చూస్తే పులి చారల్లా కనిపిస్తాయని టైగర్ బుష్ అంటారు. బోడి చారలో నీరు ఇంకదు, జారి పొదల కిందకి చేరుతుంది. అక్కడ వేర్లు, చెదపురుగులు మట్టిని గుల్లచేసి ఉంచుతాయి కాబట్టి చటుక్కున ఇంకుతుంది. అంటే ఆ పొదలు తమ మీద పడిన వానతో పాటు పక్క నేల వాన కూడా తాగుతున్నాయి. ఖాళీగా ఉంది కదా అని అలాంటి నేలంతా మొక్కలు నాటేయాలని ఉత్సాహపడేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్. అందరికీ సమంగా పంచితే ఒక్కరికీ సరిపోని నీళ్ళవి.

కొన్నిచోట్ల ఈ చారలు ఏళ్ళ తరబడి మెల్లగా ఎగువకి జరుగుతాయి. నీరు ముందుగా తగిలే ఎగువ అంచున కొత్త మొలకలు లేస్తాయి, దిగువన ముసలివి ఎండిపోతాయి. ఇక్కడా అంతేనా అని వంగి వెతికాను. రెండు పొదల దగ్గర మొలకలు ఎగువనే ఉన్నాయి, ఒకచోట దిగువన ఉన్నాయి. మిగతావి మేకలు మేసేశాయి, వాటిని ఏ లెక్కలో వేయాలి?