క్రియాటినిన్ కంటే ముందే

కిడ్నీ మార్పిడి జరిగిన నాలుగో నెలలో నా క్రియాటినిన్ 1.1 నుంచి 1.7కి పెరిగింది. కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం అది. జ్వరం లేదు, కాళ్ల వాపు లేదు, మూత్రం తగ్గలేదు. ఉదయం మాత్ర వేసుకోకముందే వెళ్లి, కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్షకు రక్తం ఇచ్చి, చెన్నై విల్లివాక్కంలోని ఇంటికి వచ్చి మామూలుగా వంట చేసుకున్నాను. సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. "రేపే వచ్చి చేరండమ్మా, బయాప్సీ చేయాలి" అన్నారు.

నాకు కిడ్నీ ఇచ్చింది మా అమ్మ. ఆపరేషన్ తర్వాత కావలి వెళ్లకుండా నా దగ్గరే ఉండిపోయింది. ఆ రాత్రి "నాది నీకు పడలేదా తల్లీ?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. మర్నాడు డాక్టరుగారే ఆమెను కూర్చోబెట్టి చెప్పారు. కణాల మీద ఉండే గుర్తింపు గుర్తులైన హెచ్‌ఎల్‌ఏ తల్లీబిడ్డలకు సగం కలవడం ఖాయమే గానీ, మిగతా సగాన్ని ఒంట్లోని రక్షణ కణాలు పరాయిదిగానే చూస్తాయని, ఇందులో ఇచ్చిన కిడ్నీ లోపమేమీ లేదని. ఆయన తమిళులు. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చే రోగుల కోసం తెలుగు నేర్చుకున్నారు. అందుకు ఆయనకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

కొత్త కిడ్నీ పొత్తికడుపులో కుడివైపు, చర్మానికి దగ్గరగా ఉంటుంది. మత్తు సూది వేసి, స్కానింగ్‌లో చూస్తూ బయాప్సీ సూదిని దించారు. ఊపిరి బిగపట్టమన్నారు. ఠక్కున శబ్దం. పెన్సిల్ ముల్లుకంటే సన్నటి ముక్క. ఇంకోసారి ఊపిరి, ఇంకో ఠక్కు. ఆ తర్వాత పొట్టమీద ఇసుక సంచి పెట్టి కదలకుండా పడుకోబెట్టారు. రక్తస్రావం భయం ఉంటుంది కాబట్టి, పోసిన ప్రతిసారీ మూత్రాన్ని విడివిడి సీసాల్లో పట్టి కిటికీ గట్టుమీద వరసగా పెట్టింది నర్సమ్మ. మొదటిది దానిమ్మ రసం రంగులో ఉంది. తర్వాతవి పలచబడుతూ వచ్చాయి. అమ్మ వెలుతురుకు ఎత్తి చూసి, తగ్గుతోందని నాకు చెప్పేది.

ఫలితం వచ్చింది: సెల్యులార్ రిజెక్షన్. అంటే ఒంట్లోని రక్షణ కణాలే కొత్త కిడ్నీ మీద దాడి చేయడం. మూడు రోజులు సెలైన్‌లో మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించారు. నిద్ర పట్టలేదు, షుగరు పెరిగింది, ముఖం ఉబ్బింది. క్రియాటినిన్ మాత్రం దిగింది.

రౌండ్సుకు వచ్చినప్పుడు అడిగాను: "ఇంత మూత్రం పోస్తున్నాను కదా సార్, లోపల జరిగేది అందులో తెలియదా?" ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తెలుస్తుందట. దాడికి దిగిన టీ కణాలనే రక్షణ కణాల ప్రభావంతో కిడ్నీలో సీఎక్స్‌సీఎల్9, సీఎక్స్‌సీఎల్10 అనే ప్రోటీన్లు తయారై మూత్రంలోకి దిగుతాయి. అవి తక్కువగా ఉంటే రిజెక్షన్ ఉండే అవకాశం బాగా తక్కువ. అమెరికాలో 485 మంది నుంచి 4,300 మూత్ర నమూనాలు తీసుకుని, అందులోని కణాల ఆర్‌ఎన్‌ఏను, అంటే ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూపే అణువులను, కొలిచారు. 2013లో వెలువడిన ఆ అధ్యయనంలో, బయాప్సీలో రిజెక్షన్ బయటపడిన వారికి అంతకు కొన్ని వారాల ముందు నుంచే ఆ ఆర్‌ఎన్‌ఏ సూచిక పెరుగుతూ వచ్చింది. క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీ అప్పటికే కొంత దెబ్బతిని ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

చిక్కులనూ ఆయన దాచలేదు. మార్పిడి చేసిన కిడ్నీని దెబ్బతీసే బీకే వైరస్ సోకినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ ప్రోటీన్లు పెరుగుతాయి. రిజెక్షన్‌కు రక్షణశక్తిని అణిచే మందులు పెంచాలి, బీకే వైరస్‌కు తగ్గించాలి. పొరబడితే కిడ్నీకే ముప్పు. అందుకే చివరి మాట ఇంకా బయాప్సీదే. స్విట్జర్లాండ్‌లో సీఎక్స్‌సీఎల్10ను కొలుస్తూ చికిత్స నడిపిన పరిశోధనలో, ఏడాది తిరిగేసరికి మామూలు పద్ధతి కంటే మెరుగైన ఫలితమేమీ రాలేదు. అది విని నిరాశపడ్డాను. అయినా మూత్ర పరీక్ష మీద నా ఆశ పోలేదు. బయాప్సీని పూర్తిగా మాన్పించకపోయినా, ఎవరికి సూది అవసరం లేదో చెప్పగలిగితే అదే పెద్ద మేలు.

ఓపీలో నా పక్కన కూర్చునేవాళ్లలో చాలామంది సూళ్లూరుపేట, గూడూరు నుంచి తెల్లవారుజాము రైలెక్కి వస్తారు. రక్తం ఇచ్చి, రిపోర్టు కోసం సాయంత్రం దాకా బెంచీల మీదే ఉంటారు. ఆర్‌ఎన్‌ఏ త్వరగా పాడవుతుంది, దానికి మంచి ల్యాబు దగ్గరలో ఉండాలి. ప్రోటీన్లు అంతకంటే మొండివి. కాబట్టి ఆ ప్రోటీన్ల పరీక్షే ముందు రోజువారీ వైద్యంలోకి రావాలని, గూడూరులో ఇచ్చిన సీసా చెన్నై ల్యాబుకు చేరి, మనిషి ఇంటి దగ్గరే ఉండగా ఫలితం ఫోనులో తెలియాలని నా కోరిక. డాక్టరుగారితో ప్రతి చెకప్‌లోనూ ఇదే అంటున్నాను.

ఇప్పుడు నా క్రియాటినిన్ 1.3 దగ్గర నిలబడింది. అమ్మ పోయిన నెల కావలి వెళ్లింది. రక్తపరీక్ష రోజున మాత్రం సాయంత్రం ఐదింటికల్లా ఫోను చేసి, పలకరింపు కూడా లేకుండా "ఎంత వచ్చింది?" అని అడుగుతుంది.