ఎంఓటీ ఫెయిలైన కారును ఇంటికి తెచ్చుకోవచ్చా? నిన్నటి నా అనుభవం

మేం ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఉంటాం. నిన్న మా కారు ఎంఓటీలో, అంటే బండి రోడ్డుకి తగినట్టుందో లేదో చూసే ఏటా పరీక్షలో, ఫెయిలైంది. బుకింగ్, కారు అప్పగించడం పది నిమిషాల్లో అయిపోయాయి. కారుకి గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు, అంతకు మించి ఎవరూ తీసుకోకూడదు.

గంట తర్వాత పిలిచారు. కాగితంలో సస్పెన్షన్ బుష్ (కుదుపులు తగ్గించే రబ్బరు భాగం) 'మేజర్', ముందు టైరు 'డేంజరస్' అని ఉంది. నేను ధీమాగా తాళాలు అడిగాను. పాత ఎంఓటీకి ఇంకా 19 రోజుల గడువుంది మరి. "పాతది ఉంటే ఫెయిలైనా ఏం కాదన్నా, గడువు దాకా తిప్పుకో" అని ఇక్కడి మనవాళ్లు ఎంతమంది చెప్పారో! అదే మాట టెస్టర్‌తో అన్నాను.

ఆయన రిసెప్షన్‌లో అందరికీ వినపడేలా, "ఇలా రోడ్డెక్కితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్స్ మీద 3 పెనాల్టీ పాయింట్లు, లైసెన్స్ కూడా పోవచ్చు" అన్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పదకొండేళ్లలో ఒక్క పాయింటు పడని మనిషిని నేను. ఆ మాట పక్కకి పిలిచి చెప్తే ఏం పోయేది?

వాదించాను. ఆయన నన్ను ర్యాంప్ కిందకి తీసుకెళ్లి టార్చి వేశాడు. బయటివైపు నుంచి చూస్తే టైరు బాగానే ఉంది. లోపలి అంచున మాత్రం రబ్బరు పూర్తిగా అరిగిపోయి, చిరిగిన గోనెసంచి దారాల్లా ఉక్కు తీగలు బయటికొచ్చాయి. చెయ్యి పెట్టబోతే గుచ్చుకుంటుందని ఆపాడు. పోయిన ఆదివారమే పిల్లలిద్దర్నీ ఎక్కించుకుని, ఆ టైరు మీదే ఎం6 మోటార్‌వేలో టివిడేల్ బాలాజీ గుడికి వెళ్లొచ్చాం. ఇక నోరెత్తలేదు.

మనవాళ్లు చెప్పింది సగమే నిజం. పాత గడువుండి, 'డేంజరస్' ఏదీ లేకపోతేనే తీసుకెళ్లొచ్చు. అప్పుడు కూడా బండి రోడ్డుకి తగిన స్థితిలో ఉండాలి. గడువు దాటితే రిపేరుకో, ముందే బుక్ చేసిన టెస్టుకో మాత్రమే నడపాలి. 'డేంజరస్' అని రాస్తే బాగుచేసేదాకా నడపకూడదు. దయచేసి సగం తెలిసిన చట్టం ఎవరికీ చెప్పకండి, వెనక సీట్లో పిల్లలుంటారు.

అసలు కోపం నాకు కారు అమ్మినవాడి మీద. "కొత్త ఎంఓటీ ఉంది, దిగులక్కర్లేదు" అన్నాడు. నిన్న అక్కడే కూర్చుని ప్రభుత్వ సైట్‌లో బండి నంబరు కొట్టి చూస్తే, అదే ఎంఓటీలో 'టైరు లోపలి అంచు అరిగింది' అని అడ్వైజరీ (పాసైనా గమనించుకోమనే హెచ్చరిక) ఉంది. కొనేముందు రెండు నిమిషాలు చూసుంటే తెలిసేది. మీరు తప్పకుండా చూడండి.

రెండు టైర్లు, బుష్, అలైన్‌మెంట్ అక్కడే చేయించాను. టైర్ల ధర ఎక్కువే, బేరమాడే ఓపిక లేదు. కారు అక్కడే ఉంచినందుకు రీటెస్ట్ ఫీజు పడలేదు. సాయంత్రం పాసైంది.

ఈ ఉదయం స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఫోన్ లైటుతో మా ఆవిడ కారు టైర్ల లోపలి అంచులు కూడా చూశాను. గాడిలో 20 పెన్నీల నాణెం నిలబెడితే దాని అంచు పట్టీ పూర్తిగా మునిగింది, అంటే గాడి లోతు సరిపడా ఉన్నట్టే. అప్పుడే తాళాలు తన చేతికిచ్చాను.