ఏఐ సేఫ్టీలోకి సిక్కోలు నుంచి

ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో చదువుతూ ఏఐ సేఫ్టీలోకి (ఏఐ హాని చేయకుండా చూసే పరిశోధన) రావాలంటే సర్టిఫికెట్లు పోగేయకండి. చేసిన పని చూపించాలి.

గణితం ఇష్టమైతే గూగుల్ ఆన్‌లైన్ కోడింగ్ వేదిక కొలాబ్‌లో ఉచిత టీ4 జీపీయూ చాలు, 12 పొరల చిన్న భాషా మోడల్ జీపీటీ-2 స్మాల్‌ని, మోడల్ లోపల ఏం జరుగుతోందో చూపే ట్రాన్స్‌ఫార్మర్‌లెన్స్ లైబ్రరీతో విప్పి చూడొచ్చు. మనకు అంతకన్నా దగ్గర దారి మోడళ్లను పరీక్షించడం. మోడళ్లను పరీక్షించే హానికర ప్రశ్నల సేకరణ హార్మ్‌బెంచ్ నుంచి 50 ప్రశ్నలు తీసుకుని ఇంగ్లీషులో, పుస్తకాల తెలుగులో, సిక్కోలు యాసలో అడగండి (సినిమా యాస కాదు, ఇంట్లో మాటాడేది). ఇంగ్లీషులో కుదరదన్నది యాసలో చెప్పేస్తోందా? జవాబు మారుతుంటుంది గనక ప్రతిదీ కనీసం 5 సార్లు అడగాలి. చాలామంది బోల్తా పడేది లెక్కలో: యాస అర్థంకాక ఏదో వాగడాన్ని కూడా నిరాకరణ కింద రాసేస్తారు. దానికి వేరే గడి పెట్టండి.

హానికరమైన జవాబులు తీసేసి, పద్ధతీ అంకెలూ గిట్‌హబ్‌లో ఉంచండి. మాట్స్ (ఏఐ సేఫ్టీ పరిశోధనలో శిక్షణ ఇచ్చేది) లాంటి ఫెలోషిప్‌కి దరఖాస్తు ఆ తర్వాతే.